ఎడమ రెక్క నాలుగో బెజ్జం

మారెమ్మగుట్టపల్లె,
శింగనమల దగ్గర.
11-5-1959, సోమవారం.

మీ పాదాలకు నమస్కరించి తిరుపాలమ్మ రాసుకునే విన్నపం.

ఇక్కడ నాయన, అమ్మ, నేను ముగ్గురమూ ఒంట్లో బాగానే ఉన్నాము. నాగపూరులో మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట రాసేదాన్నే గానీ రాసి ఇట్లా రెండు మార్లు ఎన్నడూ చదువుకోలేదు. ఇరవయ్యో తేదీ బుధవారం మళ్ళీ విమానం ఎక్కుతానని మీరు రాసినారు. ఆ లోపల ఈ ఉత్తరం మీ చేతికి రావాలి. నాయన దీన్ని రేపు పొద్దున బస్సులో అనంతపురం తీసుకుపోయి పెద్ద పోస్టాఫీసులో వేస్తాడు. అందిన వెంటనే, పనిలో ఉన్నా సరే, చివరి దాకా చదవండి.

అసలు మాట మొదటే రాయాలి. రాయబోతే ధైర్యం చాలడం లేదు. మీరు అడిగినవాటికి వరసగా జవాబు చెప్పుకుంటూ పోతే ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ధైర్యం వస్తుందేమోనని ఇట్లా మొదలుపెట్టినాను.

అమ్మ కన్ను ఎట్లా ఉందని అడిగినారు. ఆసుపత్రిలో పొర తీసినాక వారానికి కట్టు విప్పినారు. మొదట చూసింది నన్నే. "ఏమే, ఇంత నల్లబడినావు" అనింది. కన్ను బాగైందని అప్పుడే తెలిసింది.

వాన పడిందా అని అడిగినారు. పడలేదు. పోయిన ఏడూ సరిగ్గా లేదు, ఈ ఏడు మబ్బే కనబడలేదు. బావిలో నీళ్ళు అడుగుకు పోయినాయి. ఎద్దులు కట్టి కపిలి తోలితే బాన సగమే నిండి పైకి వస్తుంది. నాయన పొద్దున నాలుగు బానలు తోడి, ఎద్దులకే తాపి, ఇంకా తోడితే బురద వస్తుందని ఆపేస్తాడు.

మూడోది విమానం సంగతి. "మీ ఊరి దగ్గర కూలిన విమానమూ, నేను మెకానిక్కుగా పోయే విమానమూ ఒకే చోట, ఒకే ఏడు తయారైనవి. నువ్వు కళ్ళారా చూసినదానివి. ముందు ఏది విరిగింది? ఎందుకు ఒక్క ముక్క రాయవు?" అని అడిగినారు. పోయిన నెలలో రెండు ఉత్తరాలు రాసినాను. రెంటిలోనూ చాలా భయమేసింది అని తప్ప ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు చెబుతాను.

ఏప్రిల్ తొమ్మిది, గురువారం. పదకొండు గంటలప్పుడు మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తా ఉన్నాను. మీ కంపెనీ సర్వే విమానం అప్పటికి వారంగా మా తట్టు తిరుగుతా ఉండింది. నేల ఫోటోలు తీసి, చెరువు ఎక్కడ కట్టొచ్చో, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూస్తారని మీరు రాసినదే పిల్లలకు చెప్పినాను. శబ్దం వినబడగానే అందరూ బయటికి ఉరికేవాళ్ళు. నేనూ వద్దనేదాన్ని కాదు. మీరు అందులో లేరని తెలిసినా చూడాలనిపించేది. ఆ రోజు గుట్ట మీదుగా వచ్చింది. గాలి లేదు, దుమారం లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, గుర్తు పెట్టుకోండి. ఆకు కదల్లేదు. ఎడమ రెక్క పైకి మడుచుకుంది, పుస్తకం అట్ట మూసినట్టు. ఎండుకట్టె విరిచిన శబ్దం ఆ తర్వాత వినబడింది. విమానం పక్కకు దొర్లి కొండప్ప దున్ని పెట్టుకున్న వేరుశెనగ చేనిలో పడింది.

అందులో ఇద్దరు ఉండినారు. ఒకరు నడిపేవారు, ఒకరు ఫోటోలు తీసేవారు. నాయన, ఇంకో నలుగురు కంబళ్ళు తీసుకుపోయి కప్పినారు. నన్ను దగ్గరికి రానీయలేదు. దూరం నుంచి ఒక బూటు చూసినాను. మీ బూటు మాదిరిదే.

ముక్కలు మైలు దూరం దాకా చెదిరినాయి. ఊర్లో వాళ్ళు తలా ఒకటి పట్టుకుపోయినారు. తప్పని ఎవరికీ తోచలేదు. రాలిన రేకు కదా అనుకున్నారు. నారాయణమ్మ ఒక గుండ్రటి మూత తెచ్చి సంగటి కుండ మీద సరిపోయిందని సంతోషపడింది. శనివారం పోలీసులు వచ్చి, ముక్క దాచినవాళ్ళను జైల్లో వేస్తామని తప్పెట కొట్టించినారు. అందరూ తెచ్చి బడి ముందర పోసినారు. నారాయణమ్మ మూత ఇస్తా, "పంతులమ్మ మొగుడు ఆకాశంలో కాపరం చేస్తాడు, ఆయన సామాను నేలమీద పడితే మనకు జైలా" అనింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్వకూడదని ఆ తర్వాత తెలిసింది.

మంగళవారం విచారణ చేసే ఇంజనీరు సారు ఢిల్లీ నుంచి వచ్చినారు. యాభై ఏళ్ళు పైబడిన మనిషి, మైసూరు తట్టు వారు. తెలుగు రాదు, కన్నడం మాట్లాడతారు. ఊర్లో కన్నడం తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నా, పంతులమ్మనని నన్ను పక్కన నిలబెట్టుకున్నారు. బడే ఆయన ఆఫీసు అయింది. ఆయన చేసిన మొదటి పని మీరు నమ్మరు. ముగ్గు పిండి తెప్పించి, బడి ముందర ఆడవాళ్ళ చేత విమానం ఆకారాన్ని అసలు విమానమంత పెద్దదిగా గీయించినారు. ఆయన కాగితం చూసి అడుగులు చెబుతారు, నేను చెబుతాను, వాళ్ళు గీస్తారు. రెండు రెక్కలు, తోక, ముక్కు. ఆ తర్వాత ఒక్కొక్క ముక్కను తీసి ఆ ముగ్గులో దాని చోట పెట్టుకుంటూ పోయినారు. ఎండ నెత్తిన కాలుతున్నా టోపీ లేకుండా మోకాళ్ళ మీద తిరిగినారు.

మధ్యాహ్నం బడి వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతూ నాకు చాలా చెప్పినారు. మీరు ఉత్తరాల్లో రాసేవే, కానీ చూపిస్తూ చెప్పినారు. "వెనకటి వాళ్ళకు లెక్క తెలియక భయంతో అంతా మందంగా చేసేవాళ్ళమ్మా. ఆ బరువు మోయడానికే సగం పెట్రోలు పోయేది. ఇప్పుడు ఎక్కడ ఎంత కావాలో లెక్క కట్టి అంతే ఉంచుతున్నాము. తేలికైన విమానం తక్కువ తాగి దూరం పోతుంది. పెట్రోలు కూడా మీ బావి మాదిరిదే, దానికీ అడుగు ఉంటుంది. అయితే సన్నగా చేసిన చోట రెక్క ప్రతిసారీ వంగి లేస్తుంది. వేలసార్లు వంగినాక ఎక్కడో ఒక బెజ్జం అంచున వెంట్రుకంత పగులు పుడుతుంది. అది రోజుకింత పెరుగుతుంది. పైకి కనబడదు."

"మరి ఎట్లా సార్?" అన్నాను.

"ఇప్పుడు కొత్తగా కట్టేవాటిలో ఒక దూలం పగిలినా పక్క దూలం మోసేటట్టు కడుతున్నారు. దిగేలోపల కూలిపోకుండా ఉంటుంది, దిగినాక చూసి బాగు చేసుకోవచ్చు. ఆ తెలివి ఊరికే రాలేదు. పడిపోయినవాటి ముక్కలు చూసి నేర్చుకున్నారు. విరిగిన ముఖం మీద అంతా రాసి ఉంటుంది, ఎన్నాళ్ళుగా పగులుతా ఉందో, ఎక్కడ మొదలైందో. అందుకే ఎవరైనా విరిగిన ముఖాన్ని వేలితో కూడా రుద్దొద్దు అంటాను."

ఆ మాట విన్నప్పుడు నా చేతిలో మజ్జిగ చెంబు ఉండింది. కింద పెట్టేసినాను.

సాయంత్రానికి ముగ్గు నిండింది. ఎడమ రెక్క మొదట్లో, కింది దూలం దగ్గర, మూరెడు చోటు ఖాళీగా మిగిలింది. ఆయన బోర్డు మీద ఆ ముక్క బొమ్మ వేసినారు. ఒక చివర విరిగి, వరసగా బెజ్జాలు ఉండే కడ్డీ. ఊరందరినీ పిలిపించి, "ఇది ఎవరైనా చూసినారా అడుగమ్మా. ఏమీ చేయము, దండించము. ఇది దొరికితే చాలు" అన్నారు. నేను తెలుగులో అడిగినాను. ముందు వరసలో మారెమ్మ పూజారి ఈరప్ప మామ కూర్చుని నా కళ్ళలోకి చూసినాడు. ఈరప్ప మామే లేచి, "మాకేం తెలుసు తల్లీ, మేం చూడలేదని చెప్పు" అన్నాడు.

నేను సారుకు కన్నడంలో అట్లాగే చెప్పినాను. ఎవరూ చూడలేదట సార్, అని. ఆయన నా మొహం చూసి, "నువ్వు చదువుకున్న పిల్లవు. నీ మాట మీద రాసుకుంటున్నాను" అన్నారు. ఇంకా రెండు రోజులు గుట్టంతా వెతికించి వెళ్ళిపోయినారు.

ఇక దాచడానికి ఏమీ లేదు. ఆ ముక్క ఎక్కడ ఉందో నాకు తెలుసు. అది అప్పటికే మారెమ్మ రాయి ముందర ఉంది. దాన్ని కడిగినది నేను.

శుక్రవారం పొద్దున, అంటే విమానం పడిన మరుసటి రోజే, ఈరప్ప మామకు అది కనబడింది. మారెమ్మ రాయికి ఎదురుగా నేలలో నిలువుగా గుచ్చుకుని ఉందట. వాన లేని ఏడు, ఆకాశం నుంచి వచ్చి అమ్మ ముందర నిలబడిన వస్తువు. అమ్మే రప్పించుకుందని అన్నాడు. అయితే ఇద్దరు పోయినారు కాబట్టి దానికి మైల ఉంది. ముత్తైదువ చేత మైల కడిగించి, నూనె కుంకుమ పెట్టి నిలబెట్టాలని చెప్పినాడు. మా అమ్మ నన్ను ముందుకు తోసింది. "నీ మొగుడు తిరిగేది ఇట్లాంటిదాంట్లోనే గదా. నీ చేత్తో కడిగి అమ్మకు ఇయ్యి. అల్లుణ్ణి అమ్మే చూసుకుంటాది" అనింది.

నేను బడిలో పిల్లలకు గాలి అంటే ఏమిటో, వాన ఎట్లా వస్తుందో చెబుతాను. అయినా ఆ మాట వినగానే వేరే ఏదీ తోచలేదు. ముందురోజు చూసిన బూటు ఒక్కటే కళ్ళలో ఉండింది. చింతపండు, ఇటికె పొడి తెచ్చి కూర్చున్నాను. విరిగిన ముఖం సగం ఉప్పురాయి మాదిరి గరుకుగా ఉండింది. మిగతా సగం నున్నగా ఉండి, దాని మీద సన్నటి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి ఉండినాయి. చెరువు ఎండే కొద్దీ ఒడ్డున నీళ్ళు దిగిన గుర్తులు పడతాయే, అట్లా. అన్నీ ఒక బెజ్జం అంచు నుంచి మొదలైనాయి. చూసినాను, చిత్రంగా ఉందే అనుకున్నాను. మైల గీతలేమో అనుకుని అవి పోయేదాకా మూడు మార్లు తోమినాను. మిమ్మల్ని తలుచుకుంటూ తోమినాను. అద్దం మాదిరి మెరిసింది. మా అమ్మ సంతోషపడింది, నేనూ సంతోషపడినాను.

సారు వచ్చి వేలితో కూడా రుద్దొద్దని చెప్పేసరికి అంతా అయిపోయింది. ఆయన అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదంటారు. ఈరప్ప మామకు భయపడినాను, పోలీసులకు భయపడినాను, అవన్నీ నిజమే. కానీ పెద్ద భయం అది కాదు. గీతలు పోగొట్టినది నేనే అని ఆయనకు చెప్పవలసి వస్తుందని. ఎట్లాగూ గీతలు లేవు, ముక్క ఇచ్చినా ఆయనకు ఏమి ఉపయోగం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మీకు రాయకపోవడానికి కూడా కారణం ఇదే.

మొన్న శుక్రవారం మీ ఉత్తరం వచ్చింది. విచారణలో లోపమేదీ బయటపడలేదని, సుడిగాలిలో నడిపినవారి పొరపాటు అయి ఉండొచ్చని కంపెనీకి కబురు వచ్చిందని రాసినారు. ఆపి పెట్టిన మూడు విమానాలూ ఇరవయ్యో తేదీ నుంచి ఎగురుతాయని, మొదటిదాంట్లో మీరే పోతున్నారని రాసినారు. ఇంటి ముందర నిలబడి చదివి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. పోయిన ఆయన మీద తప్పు వేసినారు. ఆయన తప్పు లేదని ఊరందరిలో బాగా తెలిసినదాన్ని నేను. ఆ తప్పు నా అబద్ధం మీద నిలబడి ఉంది, ఆ అబద్ధం మీదనే మీరు విమానం ఎక్కబోతున్నారు.

నాయన ఎద్దులకు చొప్ప వేసి వచ్చినాడు. "ఏం పాపా, ఏం రాసినాడు?" అన్నాడు. ఉత్తరం చదివి వినిపించి, అంతా చెప్పేసినాను. నాయనకు సంతకం కూడా రాదని మీకు తెలుసు. అయినా వంగి వంగి లోహం అలిసిపోవడమంటే ఏమిటో నేను వివరించబోతే చేత్తో ఆపినాడు.

"అది నాకు చెప్పాల్నా? మన బానకు ఉండే ఇనుప కడెం చూడలేదా? నిండు బాన లాగినపొద్దు తెగదు. ఏదో ఒకపొద్దు సగం బానకే తెగుతాది. తెగినాక చూస్తే లోపల ముప్పాతిక వంతు పాత పగులే ఉంటాది. అందుకే నేను పక్కన ఇంకొక తాడు వదులుగా కట్టేది. కడెం తెగినా బాన బాయిలో పడకుండా." నా చేతిలోని ఉత్తరం వైపు చూపించి, "ఆ పొద్దు సుడిగాలి యాడుండాది? ఆ నడిపినాయన, ఆయనకీ ఒక పెండ్లాం ఉంటాది గదా. నా మొగునిదే తప్పని ఆయమ్మ నమ్మాల్నా?" అన్నాడు.

నేను ఏడ్చినాను. నాయన ఓదార్చలేదు. కండువా భుజాన వేసుకుని, "పద, ఈరప్పతో నేను మాట్లాడతా" అన్నాడు.

ఈరప్ప మామ ఊర్లో లేక నిన్నటి దాకా ఆగినాము. నిన్న పట్టపగలే పోయినాము, దొంగతనంగా కాదు. ఈరప్ప మామ గుట్ట నీడన పడుకుని ఉండినాడు. నాయన చెప్పింది విని లేచి కూర్చున్నాడు.

"ఏమప్పా కుళ్ళాయప్పా, అమ్మకు ఇచ్చింది మళ్ళా అడుగుతాండావా? రేపు వాన రాకుంటే ఊరు ఎవరి గడప తొక్కుతాదో తెలుసునా?"

"నాది తొక్కమను. ఇచ్చేదానికి అది నీదా నాదా? ఆ చచ్చినోళ్ళది."

"నీ కూతురే కడిగింది గదా. చదువుకున్నామె. అప్పుడు యాడికి పోయింది ఆ చదువు?"

"అప్పుడు భయపడింది మామా" అన్నాను. "ఇప్పుడింకా ఎక్కువ భయపడుతోంది. అందుకే వచ్చినాను."

"నీ మొగుని కోసం అమ్మ సొత్తు తీస్తావా?"

"ఇంకా రెండు విమానాలు ఉన్నాయి మామా. వాటిలో పోయేవాళ్ళు నా మొగుళ్ళు కారు."

నాయన అందుకుని, "అయినా మారెమ్మకు ఇనుప ముక్క నాకి బతకాల్సిన గతి పట్టిందా ఈరప్పా? నువ్వు పూజ సరిగా చేస్తాండావా లేదా?" అన్నాడు. ఈరప్ప మామ అంత కోపంలోనూ పెదవి కొరుక్కున్నాడు, నవ్వు ఆపుకోవడానికి. అప్పుడు చెయ్యి ఊపినాడు, చూసుకో పో అన్నట్టు.

నెలరోజులుగా దానికి ప్రతి మంగళవారం, శుక్రవారం ఆముదంలో కుంకుమ కలిపి పూసినారు. నేను కొంగుతో తుడిచినాను. విరిగిన ముఖం మీద ఏమీ మిగల్లేదు. ఒక్క గీత లేదు. ఎండకు పట్టి ఎంత తిప్పినా నా మొహమే కనబడింది. అప్పుడు నాకు కలిగినది రాయలేను.

నాయన ముక్కను తీసుకుని మిగతా బెజ్జాలు ఒక్కొక్కటీ తుడిచి చూడడం మొదలుపెట్టినాడు, కడెం కొనేటప్పుడు చూసినట్టు. ఒక బెజ్జం దగ్గర ఆగినాడు. "ఇది తుడువు పాపా, కుంకుమ పోలేదు." తుడిచినాను. పోయింది. బండ మీద ఎండకు పెట్టినాము. చూస్తూ ఉండగానే ఆ బెజ్జం లోపలి అంచు నుంచి గోరు పొడవున ఎర్రటి గీత ఊరి వచ్చింది. వెంట్రుక కంటే సన్నం. మళ్ళీ తుడిచినాను. మళ్ళీ వచ్చింది. నా దగ్గర సుద్దముక్క ఉంటే పొడి చేసి దాని మీద చల్లినాను. తెల్లటి పొడిలో ఆ గీత ఇంకా స్పష్టంగా, పంతులు దిద్దిన ఎర్రసిరా మాదిరి నిలిచింది. తక్కిన బెజ్జాలకూ అట్లే చేసి చూసినాను. వాటిలో రాలేదు. ఆ ఒక్కదాంట్లోనే వస్తుంది.

అది గీత కాదు, పగులు. నెలరోజులు పూసిన నూనె అందులోకి ఇంకి, ఎండ తగలగానే బయటికి వస్తోంది. నేను తోమింది పై ముఖాన్ని. లోపలి దాకా నా చెయ్యి పోలేదు.

ఈరప్ప మామ వంగి చాలాసేపు చూసినాడు. ఆ ముక్కను తనే ఎర్రగుడ్డలో చుట్టి నాయన చేతిలో పెట్టి, "అమ్మ చూపించింది" అన్నాడు. నేను కాదనలేదు. మీరు వచ్చినప్పుడు ఆ సంగతి మాట్లాడుకుందాము.

ఇప్పుడు మీరు చేయవలసినది రాస్తున్నాను. సారు బోర్డు మీద వేసిన బొమ్మ నా పుస్తకంలో ఎక్కించుకున్నాను, దానితో సరిచూసే రాస్తున్నాను. ఎడమ రెక్క, కింది దూలం, విమానం ఒంటికి అతికే వైపు నుంచి లెక్క. విరిగింది మూడో బెజ్జం దగ్గర. ఎర్రగీత వచ్చింది నాలుగోదాంట్లో. మీ విమానంలో బోల్టులు తీసి ఈ రెండు బెజ్జాలనూ, కుడి రెక్కలో కూడా, శుభ్రంగా తుడవండి. ఎర్రరంగు కలిపిన పలచటి నూనె పూసి ఒక పూట వదలండి. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేసి, సుద్దపొడి చల్లి, వెచ్చటి చోట కాసేపు చూడండి. ఇట్లా చూసే పద్ధతి మీ వాళ్ళకు ముందే తెలిసి ఉండొచ్చు. తెలిసి ఉంటే నవ్వుకోండి, కానీ చూడండి. తక్కిన రెండు విమానాలూ చూడండి. ఏమీ కనబడకపోతే మంచిదే, నా భయమే ఎక్కువని తేలుతుంది. కనబడితే మాత్రం ఎవరినీ ఎక్కనీయొద్దు.

రేపు నాయన ఆ ముక్కను అనంతపురంలో పోలీసు సూపరింటెండెంటు ఆఫీసులో ఇస్తాడు. దానితోపాటు ఇంజనీరు సారుకు నేను రాసిన కాగితం కూడా. కడిగింది నేనని, చూసి కూడా లేదన్నది నేనని, గాలి లేదని, గీతలు ఎట్లా ఉండినాయో బొమ్మ వేసి, సంతకం చేసినాను. అక్కడి నుంచే మీకు తంతి ఇస్తాడు, కానీ తంతిలో ఈ వివరమంతా పట్టదు. ఆ ముక్క, ఆ కాగితం ఆఫీసుల్లో తిరిగి ఢిల్లీ చేరేసరికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. అందుకని ఈ ఉత్తరం మీ పై అధికారికి చూపించండి. భార్య రాసింది చూపించడమేమిటని మొహమాటపడొద్దు. నేను అబద్ధం చెప్పినానని వాళ్ళు జిల్లా బోర్డుకు రాస్తే ఉద్యోగం ఉండదు. మా ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేను. ఊర్లో ఇద్దరు ముగ్గురు నన్ను చూసి ఆడపిల్లలను బడికి పంపినారు. వాళ్ళు ఇకమీద పంపుతారో లేదో. నారాయణమ్మ ఇప్పటికే మా వాకిలి ముందు పోతూ మొహం తిప్పుకుంది. దానికి ఏడుస్తాను. కానీ తర్వాత ఏడుస్తాను.

ఇంకొకటి ఉంది. ఇదీ చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. శుక్రవారం మీ ఉత్తరం అందగానే, నాయన రాకముందే, నేను ఒక కాగితం రాసినాను. నాలుగు వాక్యాలే. కడుపునొప్పి అని చెప్పి ఇరవయ్యో తేదీ దిగిపోండి, కారణం అడగొద్దు, నా మీద ఒట్టు అని. ముక్క సంగతి రాయలేదు. మీరు దిగితే మీ బదులు ఇంకొక మెకానిక్కును ఎక్కిస్తారని తెలుసు. పోయిన ఏడు మన పెళ్ళికి సెలవు పెట్టినప్పుడు మీ బదులు పోయినది వరదరాజులు గారని, ఆయనకు ఇద్దరు ఆడపిల్లలని మీరే చెప్పినారు. తెలిసే రాసినాను. కవరులో పెట్టి బంక కూడా వేసినాను. ఆ కవరు నాయనకు ఇవ్వబోతుంటే, ఆయన నడిపినాయన పెండ్లాం మాట అన్నాడు. ఆ తర్వాత చించేసినాను. మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటారు. నేను అంత మంచిదాన్ని కాను. ఈ సంగతి తెలిసి కూడా మీరు నన్ను ఇంటికి పిలిపించుకుంటే వస్తాను.

ఇప్పుడు ఎంత భయంగా ఉందంటే, ఇక్కడ ఆకాశంలో గద్ద తిరిగినా లేచి చూస్తున్నాను. ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. ఉత్తరానికి నాలుగు రోజులు, ఐదు రోజులు అంటారు. మధ్యలో ఆదివారం వస్తుంది. లెక్క సరిపోతుందనే అనుకుంటాను, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడతాను.

మీరు జవాబు రాసేటప్పుడు నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, ఎంత పొడుగ్గా అయినా రాయండి. ముందు మాత్రం పైన తేదీ వేయండి. మీ చేతి అక్షరాలతో ఇరవై ఒకటో, ఇరవై రెండో, ఇరవై దాటిన ఏ తేదీ అయినా సరే. అది చూసుకుని కాసేపు కూర్చుంటాను. కింద రాసినది ఆ తర్వాత చదువుకుంటాను.

ఇట్లు
మీ ఇల్లాలు
తిరుపాలమ్మ